రంగయ్య, కనకమ్మ, నేటాల్ ఓడ
(మన చరిత్ర – 17)

పోయిన నెల డిగ్రీ రెండో సంవత్సరం క్లాసులో జాషువా పాఠం చెబుతుంటే మాట మిషనరీల మీదికి మళ్లింది. వెనక బెంచీలో కూర్చునే ఒక అమ్మాయి సండే స్కూల్లో విన్న కథ చెప్పింది. అమెరికాలో మంచి ఇల్లు, పొలం, బంధువులు, అన్నీ వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని, నెలల తరబడి ఓడలో కూర్చుని మన దేశం వచ్చిన దొర, దొరసాని కథ. చెప్పి ఊరుకోలేదు. "మనవాళ్లెవరైనా అట్లా పోయారా మేడమ్?" అని అడిగింది. నేను నోరు తెరిచేలోపే పక్క వరస కుర్రాడు అందుకున్నాడు: "మనోళ్లకి వదలడానికి ఏముందే? పోతే కూలికే పోవాల."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆ నవ్వు లోపల గుచ్చుకుంటూనే ఉంది. ఎందుకంటే ఆ పిల్లవాడు చెప్పింది సగం నిజం. మనవాళ్లు కూలికే పోయారు. వేలమంది పోయారు. కానీ అట్లా కూలికి పోయినవాళ్లు అక్కడి నుంచి కబురు పంపితే, నెల్లూరులో బడిపంతులుగా ఉన్న ఒక మనిషి భార్యాపిల్లలతో ఓడెక్కాడు. ఆయన పేరు జాన్ రంగయ్య. ఆమె పేరు కనకమ్మ. సంవత్సరం 1903. తెలుగు బాప్టిస్టులు తమ డబ్బుతో తాము విదేశానికి పంపిన మొదటి మిషనరీ కుటుంబం అది. నేను తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేశాను. చేసిన అన్నేళ్లలో ఈ రెండు పేర్లు నాకు ఒక్క పాఠంలోనూ తగల్లేదు.

ఆ అమ్మాయి ప్రశ్నకు క్లాసులో చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను. కుర్రాడి ప్రశ్నకు కూడా. వదలడానికి ఏముంది అన్నాడు చూడండి, అది చాలా పెద్ద ప్రశ్న. రంగయ్య వదిలిన ఇల్లు ఎట్లా తయారైందో తెలిస్తే తప్ప దానికి జవాబు దొరకదు.

అమెరికన్ బాప్టిస్టుల తెలుగు మిషన్ మొదలైంది 1836లో. శామ్యూల్ డే దంపతులు ఆ ఏడు వచ్చి, 1840కి నెల్లూరు చేరారు. ఏళ్లు గడిచినా చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఈ మిషన్ మూసేద్దామా అని అమెరికాలో వాళ్లు మీటింగులు పెట్టుకున్నారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు కొండ మీద ఐదుగురు ప్రార్థన చేశారని మన సంఘాల్లో అందరికీ తెలిసిన కథ. ప్రార్థన కొండ అని ఇప్పటికీ అంటారు. బొమ్మ గీస్తే జూయెట్ దొరని పెద్దగా గీస్తారు. ఆ ఐదుగురిలో దొర, దొరసాని పోను మిగతా ముగ్గురూ తెలుగువాళ్లే: క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు. (నర్సు అంటే ఆస్పత్రి నర్సు కాదు, ఆయన పేరే అది.) మన జనం తలుచుకునే కొండ మీద కూడా మనవాళ్లే ఎక్కువమంది.

తర్వాత వచ్చినవాడు జాన్ ఎవరెట్ క్లౌ. సర్వేయరు పని చేసినవాడు. 1866లో ఒంగోలులో కాపురం పెట్టాడు. అందరిలాగే ఆయనా ముందు పెద్దకులాల పిల్లలకు బడి పెట్టాడు. బ్రాహ్మణ పిల్లలు వస్తున్నారు, మురిసిపోతున్నాడు. ఈలోగా పశ్చిమాన పల్లెల నుంచి యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ వచ్చాడు. తోళ్ల వ్యాపారం చేసినవాడు, అప్పటికే రాజయోగ గురువుగా పేరున్నవాడు. ఆయన వెంట మాదిగలు రావడం మొదలైంది. మాదిగలు వస్తే మేం రామన్నారు బడి పిల్లల పెద్దలు. ఆ రాత్రి దొర ఒక గదిలో, దొరసాని ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ ఒకే చోటు తగిలిందని, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమని, దేవుడు లోకంలో తక్కువవాళ్లనే ఏర్పరచుకున్నాడనే భాగమని క్లౌ రాసుకున్నాడు. వాళ్లకు అది దేవుడి సూచన. నాకు మాత్రం ఆ రాత్రి తలుపు తట్టింది పేరయ్యేనని అనిపిస్తుంది. దొర మాదిగలను ఎంచుకునేలోపే మాదిగలు దొరను ఎంచుకున్నారు.

1876-78 కరువు, అదే ధాత కరువు, మీలో చాలామందికి తెలుసు. బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో క్లౌ మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకున్నాడు. ఎందుకంటే మిగతా చోట పెద్దకులాల మేస్త్రీల కింద మాల మాదిగలకు పని దొరికినా కూలి సరిగా దక్కేది కాదు, దెబ్బలు అదనం. ఈయన తన దగ్గరి మాదిగ బోధకులనే మేస్త్రీలుగా పెట్టాడు. ఒక మాదిగ నిలబడి కూలి లెక్క రాయడం, మస్తరు పిలవడం! ఆ ఒక్క దృశ్యం ఎన్ని ప్రసంగాలకు సమానమో ఆలోచించండి. "బియ్యం కోసం మతం మారారు" అనేవాళ్లకు ఒక్క మాట: కరువు సాయం నడిచిన పదిహేను నెలలూ క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. బియ్యం ఆగిపోయాక ఇచ్చాడు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. ఇచ్చింది కూడా దొర చేతులు కాదు, మన బోధకులే ఇద్దరేసి చొప్పున నీళ్లలో దిగి ఇచ్చారు.

ఆ తర్వాత ఇరవై ఐదేళ్లు బడులు. పల్లెలో చెట్టు కింద బడి, నెల్లూరులో, ఒంగోలులో బోర్డింగు బడి. అక్షరం తాకితే శిక్ష అనే దేశంలో ఒక తరం అక్షరం పట్టుకుంది. కొందరు పంతుళ్లయ్యారు. పంతులు అనే మాట అప్పటిదాకా ఏ వీధిలో వినిపించేదో మీకు చెప్పనక్కర్లేదు. అట్లాంటి మిషన్ బడిలో చదివి, అట్లాంటి మిషన్ బడిలోనే పంతులైనవాడు రంగయ్య. పుట్టింది 1866లో, క్లౌ ఒంగోలు వచ్చిన ఏడే. నెలకు జీతం. వర్షానికి కురవని కప్పు. "పంతులుగారూ" అనే పిలుపు. పిల్లలకు బడి ఖాయం. అమెరికా మిషనరీ వదిలిన సుఖం పక్కన పెడితే ఇది చిన్నదే కావచ్చు. కానీ అమెరికావాడి ఇంటికి వెనక తాతముత్తాతల పొలం ఉంటుంది, వదిలినా ఎక్కడికీ పోదు. మనవాడి సుఖం వయసు ఒక్క తరం. దాన్ని వదిలితే వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఉన్నది పల్లె, వెట్టి. అందుకే రెండు త్యాగాలను ఒక తక్కెడలో పెట్టడం నాకు నచ్చదు.

ఇక వీళ్లు ఎక్కడికి పోయారు, ఎవరి కోసం పోయారు?

1860 నవంబర్ 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి బయల్దేరి డర్బన్ రేవు చేరింది. ఆ రేవు ఉన్న నేటాల్ అప్పటికి బ్రిటిష్ వలస, ఇప్పుడు దక్షిణాఫ్రికాలో భాగం. అక్కడి తెల్లవాళ్లకు చెరకు తోటలున్నాయి, పనివాళ్లు లేరు. జూలూలు తమ భూమి మీద తాము బతుకుతున్నారు, తోటలో బానిస పని చేయడానికి ఒప్పుకోలేదు. దాంతో ఐదేళ్ల ఒప్పందం మీద మన దేశం నుంచి మనుషుల్ని తోలుకెళ్లారు. 1911లో ఆపేదాకా పోయినవాళ్లు 1,52,184 మంది. మూడింట రెండు వంతులు మద్రాసు రేవు నుంచే. తమిళులనీ తెలుగువాళ్లనీ కలిపి అక్కడ "మద్రాసీ" అన్నారు. తెల్లవాళ్ల నోట్లో అయితే అందరూ "కూలీ"లే.

కూలి మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు, ఏడాదికో షిల్లింగు పెరిగి ఐదో ఏట పద్నాలుగు. ఆడవాళ్లకు అందులో సగం, తిండి గింజలు కూడా సగం. దొర చీటీ లేకుండా తోట గట్టు దాటితే జైలు. ఓడ ఎక్కించేటప్పుడు రాసిన జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ. సముద్రం దాటితే కులం పోతుందని భయపడిన పెద్దలు ఇంట్లో కూర్చున్నారు. పోగొట్టుకోవడానికి అట్లాంటి కులం లేనివాళ్లను కూడా ఆ జాబితా వదల్లేదు, గడి గీసి మరీ మాల, మాదిగ, పరయ అని రాసుకుంది. కొందరి గడిలో మాత్రం "క్రిస్టియన్" అని కనబడుతుంది. ఒక్క మాటలో వాళ్లు పుట్టుకను దాటారని నేననను. కానీ గుమాస్తా ముందు నిలబడి కులం చెప్పమంటే ఆ మాట చెప్పినవాడికి ఎంత గుండె కావాలి!

డర్బన్‌కు ఉత్తరాన, స్టాంగర్ పట్నానికి దగ్గర్లో కియర్స్‌నీ అని ఒక తోట. అక్కడ చెరకుతో పాటు టీ. యజమాని జేమ్స్ లీజ్ హ్యూలెట్, నేటాల్‌లో టీ వ్యాపారానికి పెద్ద తలకాయ. 1900 దాటాక ఆ తోటలో చేరిన కూలీల్లో మన నెల్లూరు, ఒంగోలు వైపు బాప్టిస్టులున్నారు. టీ ఆకు కోసే చేతులు, సంచిలో తెలుగు బైబిలు. వాళ్లు ఆదివారం కూడి పాడుకునేవాళ్లు. కానీ బిడ్డ పుడితే, పెళ్లి జరిగితే, మనిషి చస్తే నిలబడి నాలుగు మాటలు చెప్పడానికి తమ భాష తెలిసిన కాపరి లేడు. స్వదేశంలో ఉన్న సంఘాలకు కబురు పంపారు: మాకొక మనిషిని పంపండి.

తెలుగు బాప్టిస్టులకు అప్పటికే సొంత సొసైటీ ఉంది. హోమ్ మిషనరీ సొసైటీ అని పేరు. హోమ్ అంటే ఇల్లు కదా, మరి ఇంటి సొసైటీ విదేశానికి మనిషిని పంపడమేమిటని నాకు మొదట నవ్వొచ్చింది. తర్వాత అర్థమైంది. మన జనం ఎక్కడుంటే అదే ఇల్లు. సముద్రం అవతల ఉన్నది పరదేశమే, అక్కడి మనుషులు మాత్రం ఇంటివాళ్లే.

డబ్బు ఎట్లా వచ్చింది అంటారా? ఆ సంఘాల్లో ఎక్కువమంది మాదిగలు, తర్వాత మాలలు. మా నాయనమ్మ పొయ్యి పక్కన ఒక ముంత ఉండేది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక గుప్పెడు తీసి అందులో వేసేది. ఇంట్లో ఎవరికైనా తక్కువైతే ఆమెకే తక్కువయ్యేది, ముంతకు తక్కువయ్యేది కాదు. ఆదివారం అది గుడికి పోయేది. ఎందుకమ్మా అంటే "పంతులు తినొద్దా" అనేది. తెలుగు సంఘాలు నడిచిన తీరే అది. కాబట్టి రంగయ్య కుటుంబం ఓడెక్కింది న్యూయార్కు డాలర్ల మీద కాదు, తెలుగు సంఘాల చందాల మీద. నేను పదేపదే ఈ మాట ఎందుకంటున్నానో కార్యకర్తలకు తెలుసు. "మిషనరీలంటే విదేశీ డబ్బు" అని వీధి చివర మైకులో అరిచేవాళ్లను రోజూ వింటున్నాం. నూట ఇరవై ఏళ్ల కిందట మన డబ్బే విదేశానికి పోయింది.

నేటాల్‌లో దిగడం కూడా అంత తేలిక కాదు. కూలి ఒప్పందం లేకుండా సొంతంగా వచ్చే ఆసియావాళ్లను ఆపడానికి 1897లో చట్టం చేశారు. రేవులో దిగేవాడు ఏదో ఒక యూరపు భాషలో అర్జీ రాసి చూపించాలి. పేరుకు చదువు పరీక్ష, అసలు పని రంగు పరీక్ష. మిషన్ బడిలో నేర్చుకున్న ఇంగ్లీషు అట్లాంటి రేవులో ఎంత పనికొచ్చే వస్తువో ఊహించండి.

ఆ ఏటి గురించే ఇంకొక సంగతి. ఐదేళ్లు ముగిశాక తిరిగి పోకుండా, మళ్లీ ఒప్పందం రాయకుండా అక్కడే బతుకుతానన్నవాడు ఏటా మూడు పౌండ్ల పన్ను కట్టాలని 1895లో చట్టం వచ్చింది. మూడు పౌండ్లంటే అరవై షిల్లింగులు, మొదటి ఏటి కూలీకి ఆరు నెలల సంపాదన. రంగయ్య, కనకమ్మ దిగిన 1903లోనే ఆ పన్నును పిల్లల మీదికి కూడా సాగదీశారు: పదహారు దాటిన మగపిల్లలు, పదమూడు దాటిన ఆడపిల్లలు. పదమూడేళ్ల పిల్ల తన దేహానికి పన్ను కట్టాలి, లేదా మళ్లీ తోటకు పోవాలి. ఆదివారం ఆ గుడిసెలో వాక్యం వినడానికి కూర్చున్న ఆడవాళ్ల ఒళ్లో అట్లాంటి పిల్లలున్నారు. సగం కూలి, సగం గింజలు, నూరుమంది మగవాళ్లకు నలభైమంది ఆడవాళ్లు చాలన్న లెక్క, ఇవన్నీ మోస్తున్న ఆడవాళ్ల మధ్యకు నెల్లూరు నుంచి ఇంకొక ఆడమనిషి వచ్చి కాపురం పెట్టింది. అందుకే రంగయ్య పేరు రాసిన ప్రతిచోటా నేను కనకమ్మ పేరు రాస్తాను. "మిషనరీ, ఆయన భార్య" అని రాయను.

1903 డిసెంబర్ 27న కియర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘం ఏర్పడింది. ఆఫ్రికాలో మొదటిది. అక్కడి నుంచి ఉత్తర తీరం వెంట తోట నుంచి తోటకు పోయింది ఆ పని.

ఇక్కడ నన్ను కుదురుగా ఉండనివ్వని సంగతొకటి ఉంది. తోట యజమాని హ్యూలెట్ మామూలు దొర కాదు, భక్తిపరుడు. మెథడిస్టు సంఘంలో స్వయంగా ప్రసంగాలు చేసేవాడు. 1902లో సర్ బిరుదు కూడా వచ్చింది. సోమవారం నుంచి శనివారం దాకా చీటీ లేకుండా గట్టు దాటనివ్వని తోట ఆయనది, ఆదివారం నోట దేవుని మాట కూడా ఆయనదే. దొర భూమిలో, దొర కనుసన్నలో నిలబడ్డ సంఘం దొర గురించి ఎంత మాట్లాడగలదు? ఈ ప్రశ్నను దాటేసి రంగయ్యను మహనీయుడని పొగిడి ముగించడం నా వల్ల కాదు. విశ్వాసం ఓర్పు నేర్పుతుంది, ఓర్పు యజమానికి లాభం. ఇది నిజం. ఇంకొక నిజం కూడా ఉంది. వారంలో ఆరు రోజులు నంబరుగా బతికే మనిషి ఏడో రోజు పేరుతో పిలిపించుకుంటాడు, లేచి సాక్ష్యం చెబుతాడు, సంఘం పుస్తకంలో వేలిముద్ర బదులు సంతకం పెడతాడు. ఆ సంతకం తోట లెక్కల పుస్తకానికి మంచిది కాదు. ఈ రెండింటిలో ఒకదాన్నే పట్టుకుని వాదించేవాళ్లతో నాకు పేచీ ఉంది, వాళ్లు మార్క్సిస్టులైనా పాస్టర్లైనా.

అదే కాలంలో అదే నేటాల్‌లో గాంధీ ఉన్నాడు. ఆయన 1893లో పోయింది మీ పాఠ్యపుస్తకంలో ఉంటుంది. 1894లో పెట్టిన నేటాల్ ఇండియన్ కాంగ్రెస్‌కు సభ్యత్వం ఏడాదికి మూడు పౌండ్లు. చూశారా, మళ్లీ మూడు పౌండ్లే! కూలీ బతకాలంటే కట్టాల్సిన పన్ను, వర్తకుడు నాయకుడు కావాలంటే కట్టే చందా, రెండూ ఒకే అంకె. ఆ చందా కట్టగలిగినవాళ్లు ఎవరో చెప్పాల్సిన పని లేదు. 1913లో గని కూలీలు, తోట కూలీలు వేలమంది పని మానేసి నిలబడ్డారు, కాల్పుల్లో చచ్చిపోయారు, 1914లో పన్ను రద్దయింది. దెబ్బ తిన్నది కూలీ, పేరు తిన్నది ఎవరో మనకు తెలుసు. 1903లో నెల్లూరు పంతులు పోయిన సంగతి ఏ పాఠంలోకీ రాకపోవడానికి కారణం కూడా అక్కడే ఉందనుకుంటాను.

రంగయ్య బతికి ఉండగానే సంఘంలో చీలిక వచ్చింది. పెత్తనం, డబ్బు, ఎవరి మాట చెల్లాలి అనే తగాదాలు. దాచడానికేం లేదు, మన సంఘాలన్నీ తెలిసినవే కదా. 1914లో నేటాల్‌లోని భారతీయ బాప్టిస్టు సంఘాలు ఒక అసోసియేషన్‌గా ఏర్పడ్డాయి. ఇప్పటికీ అది నడుస్తోంది. 1915లో రంగయ్య కన్నుమూశాడు. యాభై ఏళ్లు నిండలేదు. తర్వాతి కాలంలో కొడుకు కూడా అదే పనిలోకి వచ్చాడు. కియర్స్‌నీ టీ మాత్రం నిలవలేదు. 1911లో మన దేశం నుంచి కూలీలు ఆగిపోగానే ఆకు కోసే చవక చేతులు కరువై, టీ చెట్ల చోట చెరకు వచ్చింది. హ్యూలెట్ భవనంలో 1921లో తెల్ల పిల్లలకు కాలేజీ పెట్టారు.

తెలుగు మేడమ్‌ని కాబట్టి భాష గురించి ఒక మాట. దక్షిణాఫ్రికాలో తెలుగు నిలిచిందంటే 1931లో పుట్టిన ఆంధ్ర మహాసభ పేరే చెబుతారు. వాళ్ల కష్టాన్ని తక్కువ చేయను. కానీ అంతకు ఇరవై ఎనిమిదేళ్ల ముందే అక్కడ ప్రతి ఆదివారం తెలుగు చదివారు, తెలుగులో ప్రసంగించారు, తెలుగు కీర్తన పాడారు. ఆ కీర్తనలు రాసినవాళ్లలో పెద్దవాడు పురుషోత్తమ చౌదరి పుట్టుకతో బ్రాహ్మణుడు. ఆ పాటను ఆఫ్రికా తోటల్లో బతికించినవాళ్లు మాల మాదిగ కూలీలు. ప్రవాసాంధ్ర సాహిత్య చరిత్ర అని లావుపాటి పుస్తకాలు వస్తున్నాయి. అమెరికా కంప్యూటరు ఉద్యోగాలతో మొదలవుతాయి.

నిన్న ఆ అమ్మాయికి ఇదంతా చెప్పాను. కుర్రాడూ పక్కనే ఉన్నాడు, ఈసారి నవ్వలేదు. "ఆయన మళ్లీ నెల్లూరు రాలేదా మేడమ్?" అన్నాడు. మట్టి అక్కడే అని చెప్పాను. కాసేపాగి, వాళ్ల ముత్తాత తమ్ముడొకడు మద్రాసు రేవుకు పోయి తిరిగి రాలేదని ఇంట్లో అంటుంటారని, పేరు అడిగి కనుక్కొస్తానని చెప్పాడు. పేరు, తండ్రి పేరు, ఊరు, మూడూ కావాలన్నాను. జాబితాలో వెతకాలంటే ఆ మూడూ ఉండాలి.

మీ ఇళ్లలో కూడా అట్లాంటి మాట ఉంటే ముసలివాళ్లను అడిగి రాసుకోండి. వచ్చే భాగం ఆ ఓడ జాబితాల్లోని కులం గడి గురించే.